తెల్లకళ్ల ఈగలు

ఆ ఉదయం జీవశాస్త్ర విభాగాధిపతి వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం తనిఖీ సంఘం వస్తుంది. ఈలోగా పండు ఈగలు పెంచే గదిని ఖాళీ చేయించి, సోఫాలు వేయించి, అతిథుల విశ్రాంతి గది అని బోర్డు తగిలించాలి. అడ్డంకల్లా ఒక్కరే: ఆ గదిలో ఏళ్ల తరబడి తెల్లకళ్ల ఈగల వంశాన్ని నిలబెట్టుకొస్తున్న లెక్చరరమ్మ. విద్యార్థులు ఆవిడను ఈగలమ్మ అంటారు.

"ఎన్నాళ్లు మేడమ్, ఇలా ఈగలు తోలుకుంటూ కూర్చుంటారు?" అన్నాడాయన.

"తోలుకోవడం లేదు సార్, పెంచుకుంటున్నా. నా ఈగల మీద ఈగ వాలనివ్వను," అని ఆవిడ గదికి తాళం వేసి క్లాసుకు వెళ్లిపోయింది.

మారు తాళంచెవి ఆయన దగ్గరుంది. సీసాలన్నీ మోసుకెళ్లి ఫ్రిజ్‌లో పెట్టాడు. కాసేపాగి చూస్తే ఈగలన్నీ కాళ్లు బారజాపేసి ఉన్నాయి. పీడా వదిలిందనుకుని పారబోయడానికి బయల్దేరాడో లేదో, మెట్ల మీద సంఘం వారి బూట్ల చప్పుడు. కంగారులో సమావేశం గదిలోని చెత్తబుట్టలో ఈగలను బోర్లించి, బుట్టను బల్ల కిందికి తన్ని, ఖాళీ సీసాలు గుమ్మం బయట పడేశాడు. బల్ల మీద అతిథుల కోసం ద్రాక్ష, కోసిన అరటిపండ్లు.

ఏళ్ల తరబడి అధిపతి కుర్చీలో కూర్చుని కూర్చుని ఆయన పాఠం మరిచిపోయాడు. చలికి ఈ ఈగలు చావవు, నిద్రపోతాయని మొదటి ఏడాది పిల్లలకు ఒకప్పుడు తనే చెప్పాడు. ఈగలు మరిచిపోలేదు. గది వెచ్చదనానికి ఒళ్లు విరుచుకుని లేచి, ఆయన స్వాగతోపన్యాసం మొదలవకముందే ఫలహారానికి హాజరయ్యాయి.

"ఏమిటండీ ఇవి?" అంది సంఘం అధ్యక్షురాలు, పళ్లెం పక్కకు నెడుతూ.

"వీధిలోవండి. కిటికీ తీస్తే పోతాయి."

"కిటికీ జోలికెళ్తే ఊరుకోను," అంటూ ఈగలమ్మ లోపలికి వచ్చింది. గుమ్మం బయటి ఖాళీ సీసాలు ఆవిడ ఒళ్లో ఉన్నాయి. తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడింది. "బయటికెళ్లి వీధి ఈగలతో కలిశాయంటే నా ఇన్నేళ్ల పని ఎగిరిపోయినట్టే. ఇవి సీసాల్లోకి వచ్చేదాకా ఇక్కణ్ణించి ఎవరూ కదలరు. మీరైనా సరే."

"ఆవిడకి కాస్త మతి చలించిందండీ," అన్నాడు విభాగాధిపతి.

అధ్యక్షురాలు సంచిలోంచి భూతద్దం తీసి, పళ్లెం అంచున వాలినదాన్ని చూసింది. "వీధి ఈగకి ఎర్రకళ్లుంటాయి. ఇది తెల్లకళ్లది, పెంపుడు పిల్ల." వంగి బల్ల కిందికి తొంగి చూసింది. "బుట్టలో ఎవరు పోశారు?"

"ఫ్రిజ్‌లో చచ్చాయనుకున్నానండీ..."

"మీది జీవశాస్త్రమేనా?" అని ఆవిడ చెయ్యి చాపింది. "ఇలా ఓ సీసా ఇవ్వమ్మా. అరటిపండు ముక్క వేసి ఇవ్వు."

తనిఖీకి వచ్చిన సంఘమంతా మోకాళ్ల మీద ఈగల వెంట పడింది. అన్నీ దొరికాక అధ్యక్షురాలు చీర దులుపుకుంది.

"విశ్రాంతి గది కావాల్సిందే," అంది విభాగాధిపతితో. "మీ గది విశాలంగానే ఉందిగా."

సోఫాలు ఇప్పుడు అక్కడే ఉన్నాయి. ఆయన వరండాలో కుర్చీ వేసుకుని ఈగలు తోలుకుంటున్నాడు.