పూతకొచ్చిన జనుము

ఆ ఆదివారానికి పళ్ళ డాక్టరు పెట్టుకున్న పని చాలా చిన్నది. పెరట్లో పూతకొచ్చిన జనుమును మొదలంటా కోయాలి, పారతో అక్కడికక్కడే మట్టిలో కలిపేయాలి, ఆ తర్వాత స్నానం చేసి తీరిగ్గా పేపరు చదువుకోవాలి. ఇందులో గొడవకు తావుందని ఎవరైనా చెప్పినా అతను నమ్మేవాడు కాదు.

ఆ ఇంట్లో ముందు గదులు ఆసుపత్రి, వెనక గదులు కాపురం, ఆ వెనక పెరడు. పెరడంటే పేరుకే పెరడు. గునపం వేస్తే గునపమే వంగేది. టమాటా వేశాడు, వంగ వేశాడు, ఆఖరికి తోటకూర కూడా చల్లి చూశాడు. అన్నీ మొలిచినట్టే మొలిచి, ఈ నేలతో మాకెందుకులే అన్నట్టు ఎండిపోయాయి. వాన పడితే మాత్రం ఆ బురదంతా చెప్పులతో సహా వంటింట్లోకి వచ్చేది. భార్య ఓపికకు కూడా హద్దుంటుంది కదా!

"ఈసారి వానలు మొదలయ్యేలోపు ఇక్కడ కంటికి కనిపించేలా ఏదైనా పెరిగిందా, సరే. లేదంటే అన్నయ్యకు చెప్పి మొత్తం బండలు పరిపించేస్తాను," అని తేల్చి చెప్పేసింది.

ఆ అన్నయ్య బండలు పరిపించే కాంట్రాక్టరు. ఎక్కడైనా ఉత్త మట్టి కనిపిస్తే ఆయనకు అన్నం సయించదు.

డాక్టరుకు ఆ పెరడంటే ప్రాణం. పొద్దస్తమానం ఎవరో ఒకరి నోట్లోంచి ఏదో ఒకటి పీకడంతోనే జీవితం గడిచిపోతోందని అతనికి లోపల చాలా బెంగ. ఒక్కటంటే ఒక్క మొక్క నాటి, అది కాసిన కాయ తన చేత్తో కోసుకోవాలి. అది తప్ప పెద్ద కోరికలేవీ లేవు.

విత్తనాల షాపాయన అతని గోడు విని, "ముందు నేల బాగుచేయండి డాక్టరుగారూ, కాయల సంగతి తర్వాత. పచ్చిరొట్ట వేసి, పూత రాగానే మట్టిలో కలిపేయండి," అని మూడు రకాల విత్తనాలు ముందు పెట్టాడు. జీలుగ నీళ్ళు నిలిచే చోట బాగా వస్తుందట. అలసంద పాకి నేలంతా కప్పుతుందట. జనుము నిటారుగా పెరిగి, గట్టి నేలలోకి కూడా వేరు దింపుతుందట. వేరు మాట వినగానే డాక్టరు మిగతా రెండింటినీ పక్కకు నెట్టేశాడు. మొక్కలు మోకాలెత్తు రాగానే ఒకదాన్ని పీకి, ఆసుపత్రి కుర్చీ పక్కనున్న లైటు కింద పెట్టి, పళ్ళు చూసే అద్దంతో వేర్లన్నీ పరీక్షించాడు. వాటికి చిన్న చిన్న బుడిపెలు వేలాడుతున్నాయి. గాలిలోని నత్రజనిని నేలకు అందించేవి అవే. వేరు దగ్గర బుడిపె కనిపించినందుకు సంతోషించడం అతని వృత్తిలో అదే మొదటిసారి.

ఈ సంగతులన్నీ అతను వచ్చిన ప్రతి పేషెంటుకూ చెప్పాడు. నోట్లో రెండు చేతులూ ఒక అద్దమూ ఉన్న మనిషి మధ్యలో అడ్డు తగలడు. పచ్చిరొట్ట ఎప్పుడు కోయాలి, ఆలస్యమైతే కాడ ఎలా ముదిరి కట్టెలా తయారవుతుంది, మట్టిలో ఎంత లోతున కలపాలి... అంతా పూసగుచ్చినట్టు చెప్పేవాడు. సాయంత్రానికి మాటలన్నీ అయిపోయేవి. ఇంట్లోకి వెళ్ళాక భార్య మాట్లాడేది, అతను తల ఊపేవాడు. అలా ఊరందరికీ తెలిసిన విషయం ఆ ఇంటి ఇల్లాలికి తెలియకుండా పోయింది.

కొడవలి పట్టుకుని పెరట్లోకి వెళ్ళేసరికి భార్య అప్పటికే అక్కడ నిలబడి ఉంది. భుజాల ఎత్తు జనుము, కొమ్మకొమ్మకూ పసుపుపచ్చని పూలు. ఆమె ముఖం కూడా అలాగే వెలిగిపోతోంది.

"ఏమండీ, మీరు ఇంత పని చేస్తారనుకోలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి మీరు పూలతోట పెంచారంటే నమ్మండి, కళ్ళనీళ్ళు వచ్చేశాయి. రాత్రే అన్నయ్యకి ఫోన్ చేసి, బండలు వద్దు, ముందు నా తోట చూడ్డానికి రమ్మన్నాను. బయల్దేరాడట. చేతిలో ఆ కొడవలేంటి?"

"గడ్డి... అక్కడక్కడా గడ్డి ఉందేమోనని," అన్నాడు డాక్టరు.

కొడవలి వెనక్కి దాచుకున్నాడు. ఇప్పుడు కోస్తే బావగారు వచ్చేసరికి కనిపించేది ఉత్త నేల, మర్నాటికల్లా దాని మీద బండలు. కోయకపోతే కాడలు ముదురుతాయి, పడ్డ శ్రమంతా బూడిదలో పోసినట్టే. ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామని నోరు తెరిచాడు. అంతలో ముందు వైపు నుంచి ఎవరో పిలిచారు.

వచ్చినవాడు రిటైరైన బస్సు కండక్టరు. అతనికి కింది పళ్ళ సెట్టు వచ్చింది, పై సెట్టు ఇంకా రాలేదు. కొలత తీసుకుంటున్నప్పుడు జనుము కోతకు ముహూర్తం ఈ ఆదివారమేనని డాక్టరు చెప్పిన మాట అతను మరిచిపోలేదు. చేతిసాయం చేస్తే పై సెట్టు కూడా తొందరగా నోట్లో పడుతుందన్న ఆశతో, ఇద్దరు స్నేహితుల్ని కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. ముగ్గురి చేతుల్లోనూ నూరిన కొడవళ్ళు.

"కాసేపు ఇక్కడే కూర్చోండి. నేను పిలిచేదాకా పెరట్లోకి మాత్రం రావద్దు," అని వాళ్ళను పేషెంట్ల గదిలో కూర్చోబెట్టి డాక్టరు వెనక్కి పరుగెత్తాడు.

సెలవు రోజైనా సామాన్లు సర్దడానికి వచ్చిన నర్సమ్మ వాళ్ళను చూసి, అలవాటు కొద్దీ తలా ఒక టోకెను ఇచ్చింది. బుగ్గ వాచిన పేషెంటొకడు మూలుగుతూ లోపలికి వచ్చి, ఒళ్ళో కొడవళ్ళు పెట్టుకుని వరసగా కూర్చున్న ముగ్గురినీ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నొప్పి ఎప్పట్నించండీ?" అంది నర్సమ్మ.

"తగ్గిపోయిందమ్మా," అని అతను వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

సరిగ్గా అప్పుడే లారీ దిగాడు కాంట్రాక్టరు. చెల్లెలి పూలతోట చుట్టూ నడవడానికి ఒక బాట వేయిద్దామని ముచ్చటపడి, కాసిని బండల్నీ, పారలూ గునపాలతో ఇద్దరు కూలీల్నీ వెంట తెచ్చుకున్నాడు. ముందు గది కిటికీలోంచి కొడవళ్ళు చూశాడు. అంతే, ఆయనకు అన్నీ అర్థమైపోయాయి. నిరుడు బావ పూడ్చిన దవడ పన్ను ఇప్పటికీ ఆయన్ని రోజూ సలుపుతూనే ఉంది. మొహమాటం లేని పేషెంట్లు ఏదో ఒకరోజు ఇలా వస్తారని ఆయన ఎప్పుడో అనుకున్నాడు.

"కొంప మునిగిందిరోయ్! బావని చంపడానికొచ్చారు! సందులోంచి వెనక్కి పదండి, వెనక తలుపుకి అడ్డం నిలబడండి!" అని కూలీల్ని తరిమాడు.

పారలు పట్టుకుని సందులో పరుగెడుతున్న మనుషులు కండక్టరు కంటపడ్డారు. తమకన్నా ముందు ఎవరో కోతకు దిగుతున్నారు! పై పళ్ళు చేజారిపోయేలా ఉన్నాయి.

"డాక్టరుగారూ, మేము ఉండగా బయటివాళ్ళెందుకండీ!" అంటూ లేచాడు. ముగ్గురూ ఇంట్లోంచే పెరట్లోకి దూసుకెళ్ళి, ఎదురుగా ఉన్న డాక్టరుకు దణ్ణం పెట్టి, జనుము మీద పడ్డారు.

డాక్టరు రెండు చేతులూ ఊపుతూ "ఆగండి, ఆగండి!" అంటున్నాడు. అది మర్యాద కోసం అంటున్నాడనుకుని వాళ్ళు ఇంకా జోరుగా కోశారు. కాంట్రాక్టరు వచ్చి, బావ తల మీద పడాల్సిన కోపం పూల మీద తీర్చుకుంటున్నారని గ్రహించి, ప్రాణానికి ముప్పు లేదు కదా అని ఊరుకున్నాడు. అన్నయ్య కోసం కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళిన భార్య కప్పులతో బయటికి వచ్చేసరికి తోటంతా నేలకొరిగి ఉంది.

ఆమె కప్పులు గుమ్మంలోనే పెట్టేసి కొంగుతో కళ్ళొత్తుకుంది.

"జరిగిందేదో జరిగింది చెల్లీ, ఏడవకు. ఇక బండలే. ఒరేయ్, ఈ చెత్త అవతల పారేసి నేల చదును చేయండి," అన్నాడు అన్నయ్య.

"పారేయద్దు!" అని అరిచాడు డాక్టరు. జీవితంలో అతను అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

"పారేస్తే ఎలాగండీ? మట్టిలో కలపడానికే కదా వేసింది!" అన్నాడు కండక్టరు చెమట తుడుచుకుంటూ. "పూత మీద కోసేయాలమ్మా. నా కింది పళ్ళు కట్టినప్పుడే డాక్టరుగారు అంతా చెప్పారు." స్నేహితులిద్దరూ తమకూ చెప్పారని తలలూపారు.

భార్య మొగుడి వైపు తిరిగింది.

"అంటే ఇది పూలతోట కాదు. ఈ సంగతి ఊళ్ళో పళ్ళున్నవాళ్ళకీ లేనివాళ్ళకీ కూడా తెలుసు. నాకొక్కదానికే తెలీదు."

"అక్కడైతే... మధ్యలో ఎవరూ అడ్డు రారు," అన్నాడు డాక్టరు నేల చూపులు చూస్తూ. "నీకు చెబుదామనే అనుకున్నాను. బండలేస్తావన్న భయంతో నోరు రాలేదు. ఈ నేల పోతే నాకింకేమీ లేదే."

ఆమె తోట మధ్యకు నడిచింది. పడిపోయిన కొమ్మ ఒకటి తీసి, పూలు దులిపి, మళ్ళీ అక్కడే పెట్టింది.

"అన్నయ్యా, బండలు వెనక్కి పట్టుకెళ్ళు. పారలున్నాయిగా, మీరిద్దరూ ఇదంతా మట్టిలో కలిపేయండి. బాగా లోతుగా."

కూలీలు తవ్వారు, కండక్టరు తొక్కాడు. మధ్యాహ్నానికి పని పూర్తయింది. కాంట్రాక్టరు మాత్రం గుమ్మం దగ్గర నిలబడి ఆ ఉత్త మట్టిని చూడలేక మొహం పక్కకు తిప్పుకున్నాడు.

వానలు పడ్డాయి. పచ్చిరొట్ట మురిగి మట్టిలో కలిసిపోయింది. ఒకనాడు పొద్దున డాక్టరు వేలు పెట్టి చూస్తే నేల మెత్తగా లోపలికి దిగింది. అతనికి పట్టరాని ఆనందం కలిగింది. ఆసుపత్రికి తాళం వేసి, నర్సరీకి వెళ్ళి, టమాటా నారు పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఇంటికి తెచ్చాడు.

పెరట్లో భార్య చేతులు కడుక్కుంటోంది. నేలంతా సాపుగా ఉంది, ఎక్కడా అంగుళం ఖాళీ లేకుండా విత్తనం చల్లేసి ఉంది.

"ఆ షాపాయన్ని అడిగి అవే జనుము విత్తనాలు తెచ్చాను," అంది సంతోషంగా. "నేల ఎంత బాగుందండీ! ఈసారి నా పూలు ఇంకా ఎత్తున పూస్తాయట. వీటి మీద కొడవలి పడిందో, మర్నాడే బండలు."

టమాటా నారు ముందు గదిలో, పేషెంట్లు కూర్చునే బల్ల పక్కన కుండీల్లో సర్దుకుంది. కండక్టరుకు పై పళ్ళు వచ్చాయి. ఏటా జనుము పూసి అక్కడే ఎండి రాలడంతో, పెరట్లో నేల అప్పటినుంచి ఏటేటా బాగుపడుతూనే ఉంది. దేనికోసమన్నది మాత్రం ఇంకా తేలలేదు.