కాటా బాబాయి కాలరీలు

ఆ శనివారం ఉదయం కాటా బాబాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. రొట్టె, గుడ్డు తూచుకుని తినాలి, ఆ లెక్క ఫోనులో ఎక్కించాలి, ఇంట్లో గొడవ లేకుండా ఆఫీసుకు బయలుదేరాలి. వీటిలో ఆయనకు బాగా చేతనైనది తూచడం ఒక్కటే. పార్సిల్ ఆఫీసులో తూకం బల్ల దగ్గరే జుట్టు నెరిసిన మనిషి. గాజు సామానైనా, పుస్తకాలైనా, లోపలి గడ్డి, పైనున్న అట్టపెట్టె, కట్టిన తాళ్లతో సహా కాటా మీద పెట్టడం, అంకె చదవడం, చీటీ అంటించడం, ఇదీ ఆయన ఉద్యోగం. అందుకే ఆఫీసు కుర్రకారు ఆయనకు కాటా బాబాయి అని పేరు పెట్టారు. ఆ పేరు మెల్లగా ఇంటిదాకా నడిచొచ్చి అసలు పేరును మూలన కూర్చోబెట్టింది.

రెండు నెలల కిందట డాక్టరు చెప్పింది నిజానికి ఒక్క ముక్క. "కాస్త బరువు తగ్గాలండీ. ఏం తింటున్నారో, ఎంత తింటున్నారో ఓ కన్నేసి ఉంచండి" అన్నాడు. బాబాయి ఒక కన్నుతో సరిపెట్టుకునే రకం కాదు. అచ్చం ఆఫీసులోలాంటి చిన్న కాటా కొనుక్కొచ్చి భోజనాల బల్ల మీద ప్రతిష్ఠించాడు. కాలరీలు లెక్కకట్టే యాప్ ఒకటి ఫోనులో వేయించుకున్నాడు.

మొదటి పూటే ఆయన గుండె గుభేలుమంది. గిన్నెలో ఉన్న అన్నం దాదాపు రోజంతటికీ సరిపడే తిండి అని యాప్ తేల్చేసింది. "అన్నం ఇంత నమ్మకద్రోహం చేస్తుందనుకోలేదు" అంటూ బాబాయి సగం తీసేశాడు. అయినా అంకె పెద్దగా దిగలేదు. ఇంకాస్త తీశాడు. అలా తీస్తూ తీస్తూ చివరికి నాలుగు ముద్దల దగ్గర యాప్‌తో రాజీపడ్డాడు.

భర్త నాలుగు ముద్దలతో లేచిపోతుంటే పిన్నికి బెంగ పట్టుకుంది. గిన్నె అందంగా ఉంటేనైనా కాస్త ఎక్కువ తింటాడేమోనని అటక మీది పువ్వుల పింగాణీ గిన్నె దింపి అందులో వడ్డించింది. ఆ పూట అంకె చూసి బాబాయి హడలిపోయాడు. "ఇవాళ్టి వంటలో ఏదో తేడా ఉంది. చాలా బరువుగా ఉంది" అని రెండు ముద్దలకు దిగిపోయాడు. పిన్ని ముఖం చిన్నబోయింది. ఇన్నేళ్ల తర్వాత తన చేతివంట ఈయనకు మొహం మొత్తిందని ఆవిడ మనసులో నిర్ధారణ చేసుకుంది. ఆ కాటా వైపు మళ్లీ తలెత్తి చూస్తే ఒట్టు.

అసలు చిక్కు ఆ శనివారం వచ్చింది. వాళ్లమ్మాయి ఏడేళ్ల పిడుగు. తన ప్లేటు రెండు చేతులా ఎత్తి తండ్రి ముందు పెట్టింది.

"నా గుడ్డు కూడా తూచు నాన్నా."

"నీకెందుకమ్మా తూకం? తినెయ్."

"తింటే లావైపోతే? నువ్వు భయపడుతున్నావుగా, నాకూ భయమే" అని ప్లేటు పక్కకు నెట్టేసి సంచీ తగిలించుకుంది.

పిన్ని పొయ్యి దగ్గర నుంచి వచ్చి నిలబడింది. "మీ తిండి మీ ఇష్టం. తింటారో, వాసన చూసి లేస్తారో నాకనవసరం. ఈ పిచ్చిని పిల్ల ప్లేటు దాకా మాత్రం రానిచ్చారో, ఊరుకోను."

బాబాయి చెప్పులు వేసుకుని బయటపడ్డాడు. చిన్నప్పుడు ఈ పిల్ల తన ఒళ్లో కూర్చుని తన పళ్లెంలోదే లాక్కుని తినేది. ఇప్పుడు తనను చూసి తిండికి జడుసుకోవడం నేర్చుకుంది. దారి పొడుగునా ఆ ప్లేటే ఆయన కళ్లముందు ఆడింది.

ఆఫీసులో మరో ముచ్చట ఎదురైంది. ఆఫీసరుగారి కొడుకు పరీక్ష గట్టెక్కాడట, ఆయన స్వయంగా కేకు ముక్కలు పళ్లెంలో పెట్టుకుని బల్ల బల్లకూ తిరుగుతున్నాడు. బాబాయి కేకు వైపు చూశాడు. ఎంత బరువుంటుందో చూపుతోనే అంచనా కట్టి, చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"వద్దు సార్."

"అదేంటండీ? చిన్న ముక్కే."

"తిననండీ. కారణం మాత్రం అడక్కండి." కడుపు మాడ్చుకుంటున్నానని చెబితే కుర్రకారు ఆటపట్టిస్తారని ఆయన బెంగ.

కారణం అడగొద్దన్నాక ఎవరికి తోచిన కారణం వాళ్లు తయారు చేసుకున్నారు. కిందటి వారమే ఆఫీసరు బాబాయి బల్లను కిటికీ దగ్గర నుంచి తీయించి వెనక తలుపు పక్కన వేయించాడు. పక్క కౌంటర్లో కూర్చునే ఉద్యోగుల సంఘం కార్యదర్శికి పోరాటం లేక చాలా నెలలుగా చేతులు దురదగా ఉన్నాయి. అతను చటుక్కున లేచి తన కేకు ముక్కను తిరిగి పళ్లెంలో పెట్టేశాడు.

"బాబాయ్ తినకపోతే మేమూ తినం సార్!"

ఒక్కొక్కరే ముక్కలు వెనక్కి పెట్టారు. అప్పటికే కొరికినవాళ్లు కొరికిన వైపు కిందికి తిప్పి పెట్టారు. ఆఫీసరు ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"బల్ల గురించేనా బాబాయిగారూ? కిటికీ దగ్గరికే వేయించేస్తాను. సరేనా?"

"నాకు బల్ల వద్దు సార్" అన్నాడు బాబాయి ఉన్నదున్నట్టు.

"చూశారా, బల్లతో సరిపెట్టుకోడట!" అని కార్యదర్శి మురిసిపోయాడు. ఏ కోరికో తెలియని పోరాటాన్ని ఎలా ఆపాలో ఆఫీసరుకు పాలుపోలేదు. కౌంటర్లు ఆగిపోయాయి. పార్సిళ్లు పట్టుకున్న జనం వీధిదాకా బారులు తీరారు. "మహాప్రభో, నేనేమీ చేయడం లేదు, పని చేసుకోండి" అని చెబుదామని బాబాయి లేచాడు. లేచేసరికి కళ్లు తిరిగాయి. పక్కనే ఉన్న పెద్ద కాటా మీద చతికిలబడ్డాడు.

"బాబాయ్ పడిపోయాడు!" అని కేకేస్తూ కార్యదర్శి పిన్నికి ఫోను చేశాడు. "పిన్నిగారూ, కంగారుపడకండి. బాబాయ్ నిరాహారదీక్షలో ఉన్నాడు. ఎంతదాకానైనా మేమంతా వెనక ఉన్నాం."

పిన్ని కంగారుపడకుండా ఎలా ఉంటుంది? వండిన అన్నం, కూర చేతికందిన గిన్నెలో సర్దింది. చేతికందింది ఆ పువ్వుల పింగాణీ గిన్నే. అప్పుడే బడి నుంచి వచ్చిన పిడుగును వెంటబెట్టుకుని ఆటో ఎక్కి ఆఫీసులో దిగింది.

"ఏవండీ, రెండు నెలలుగా దీక్షా? నాకొక్క మాట చెప్పలేదే! నా వంట నచ్చక లేచిపోతున్నారని నేను కుళ్లి కుళ్లి ఏడ్చాను కదండీ!"

ఇక దాచి లాభం లేదు. అందరి ముందూ బాబాయి డాక్టరు మాట, యాప్, లెక్కలు అన్నీ కక్కేశాడు. కార్యదర్శి నీరుగారిపోయి కుర్చీలో కూలబడ్డాడు. ఆఫీసరు మాత్రం చాలాసేపటి తర్వాత ఊపిరి పీల్చుకున్నాడు.

పిన్ని నవ్వలేదు. పిల్ల సంచీలోంచి టిఫిన్ డబ్బా తీసి భర్త చేతిలో పెట్టింది. "పొద్దున తినలేదు. బళ్లోనూ మూత తీయలేదు. ఇప్పుడు చెప్పండి, దీనికేం చేద్దాం?"

బాబాయి డబ్బా వైపు చూశాడు, పిల్ల వైపు చూశాడు. పొద్దుటికీ ఇప్పటికీ దాని ముఖం వాడిపోయి ఉంది. తన బరువు ఏమైపోయినా పరవాలేదు, ఈ పిల్ల భయం పోతే చాలనుకున్నాడు. పక్కనే కాటా ఉన్నా దానివైపు కన్నెత్తి చూడకుండా గిన్నె ఒళ్లో పెట్టుకుని తినడం మొదలుపెట్టాడు. మూడో ముద్దకి కూరలో ఉప్పు ఎంత సరిగ్గా కుదిరిందో తెలిసింది. అక్కడి నుంచి ఆయన ఆగలేదు. పిడుగు నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది.

గిన్నె అడుగు కనబడ్డాక పిడుగు దాన్ని తీసుకుంది. తండ్రి నేర్పిన విద్య ప్రకారం జాగ్రత్తగా ఆఫీసు బల్ల మీది చిన్న కాటా మీద పెట్టింది.

"ఎనిమిది, అయిదు, సున్నా. నాన్నా, నువ్వు సరిగ్గా తినలేదు. ఎనిమిదివందల యాభై గ్రాములు ఇంకా ఉంది."

ఆఫీసంతా ఆ అంకె వైపు చూసింది. తర్వాత ఖాళీ గిన్నె వైపు చూసింది. చివరికి అందరి చూపూ బాబాయి మీద నిలిచింది.

"బాబాయిగారూ, ఇంట్లో గిన్నెతో సహా తూస్తున్నారా?" అన్నాడు ఆఫీసరు నెమ్మదిగా.

"మన రూలు ప్యాకింగుతో సహానే కదండీ" అన్నాడు బాబాయి. అనేశాక ఆ మాట ఆయనకే వినబడింది.

పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అంటే రెండు నెలలుగా గిన్నెలు తిని బతికారన్నమాట!"

పగలబడి నవ్వింది మొదట ఆవిడే. తర్వాత వరసలో నిలబడ్డ జనం కూడా పార్సిళ్లు కింద పెట్టి మరీ నవ్వారు. బాబాయికి సిగ్గేసింది గానీ, గుండె మీది బండ దిగినట్టూ ఉంది. అన్నం ద్రోహం చేయలేదు. వంటలోనూ తేడా లేదు.

పిడుగు ఒక్కతే నవ్వలేదు. కేకు పళ్లెం వైపు చూస్తూ నిలబడింది. "మరి నేను ఎంత తినాలి నాన్నా?"

"ఆకలేసినంత తిను తల్లీ. చాలనిపిస్తే మానెయ్. ఎంతో నీ పొట్టే చెబుతుంది. ఈ కాటాకి పార్సిళ్లే తప్ప పొట్ట సంగతి తెలీదు."

పిడుగు ఒక ముక్క తింది. రెండోది తీసుకుని, సగం తిన్నాక "చాలు" అని మిగతాది తండ్రి చేతిలో పెట్టింది. బాబాయి దాన్ని తూచకుండానే నోట్లో వేసుకున్నాడు. పిన్ని తలుపు వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. ఇక మిగిలిన ముక్కల మీద సంఘం మొత్తం విరుచుకుపడింది. బల్ల ఎలాగూ కిటికీ దగ్గరికి వస్తోంది కాబట్టి ఇది కార్మికుల ఘనవిజయమని కార్యదర్శి మూతి తుడుచుకుంటూ ప్రకటించాడు.

యాప్‌ను తీసేయమని పిన్ని అడగలేదు, బాబాయి తీసేయనూ లేదు. డాక్టరు చెప్పిన కన్ను ఒకటి వేసి ఉంచుదామనీ, రెండోది మాత్రం ఇంటి మనుషుల మీదే ఉంచాలనీ ఇద్దరూ ఒప్పందానికి వచ్చారు. సాయంత్రం ముగ్గురూ కలిసి భోంచేశాక బాబాయి ఫోను తీశాడు. ఏం తిన్నారని యాప్ అడిగిన చోట కాసేపు ఆలోచించి "బాగుంది" అని రాశాడు.

ఈ పదార్థం తమ జాబితాలో లేదని యాప్ చెప్పింది.