ఆకలి వేయని వంటాయన

ఆ సోమవారం పొద్దున వంటాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నానికి సూపు, బంగాళదుంప కూర, రొట్టెలు చేసి పెట్టాలి. సాయంత్రం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, బరువు ఇంకాస్త తగ్గిందన్న మాట ఆవిడ నోట వినాలి. అంతే. ఇంత చిన్న పథకానికి దేవుడు కూడా అడ్డు రాడని ఆయన నమ్మకం.

ఆయన ఒక ఆఫీసు క్యాంటీనులో వంట చేస్తాడు. భారీ మనిషి. ఆయన వస్తున్నట్టు అలమరలో గ్లాసులు ముందే గలగలమని కబురు చెప్పేవి. ఆ ఒంటిని నవ్వుతూనే మోశాడు గాని, రెండేళ్ళుగా ఒక్క కష్టం మాత్రం మోయలేకపోతున్నాడు. పడుకుంటే ఊపిరాడదు. గురక మధ్యలో శ్వాస ఆగిపోయి ఉలిక్కిపడి లేస్తాడు. అందుకని రాత్రుళ్ళు కుర్చీలో కూర్చునే నిద్రపోతున్నాడు. మంచం మీద ఆయన చోటు ఇప్పుడు ఉతికిన బట్టలది. మళ్ళీ అందరిలా నడుం వాల్చి నిద్రపోవాలన్నదే ఆయన కోరిక. మనిషికి ఇంతకన్నా చిన్న కోరిక ఉంటుందా? మరి అది తీరడానికి ఇంత శ్రమ ఎందుకు?

దానికోసమే మూడు నెలలుగా వారానికొకసారి పొట్టకు ఇంజెక్షన్ పొడుచుకుంటున్నాడు. సాయంత్రాలు భార్యతో కలిసి నడుస్తున్నాడు. నడక అందరికీ తెలుసు. ఇంజెక్షన్ సంగతి భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. ఆకలిని చంపే మందు వాడే వంటవాడి చేతి కూడు ఎవరు తింటారని ఆయన భయం. ముఖ్యంగా బావమరిదికి తెలియకూడదు. క్యాంటీనులో వడ్డన అతనిదే. అతని నోట్లో నువ్వుగింజ నానదు. పైగా ఇద్దరి తిండి ఒక్కడే తిని పుల్లలా ఉంటాడు.

ఆ వంటింట్లో గోడగడియారం ఎప్పుడో ఆగిపోయింది. బాగుచేయించే అవసరం ఎవరికీ రాలేదు. వడ్డన వేళ దగ్గర పడగానే వంటాయన కడుపులో బస్సు బయలుదేరినట్టు మోత మొదలయ్యేది. అది విని బావమరిది బల్లలు తుడిచేవాడు. ఉప్పుకారాలకు ఆయన నాలుకే కొలత. ఒకసారి ఉప్పు కోసం, ఒకసారి కారం కోసం, ఒకసారి ఊరికే రుచి చూసేవాడు.

కిందటి వారం డాక్టరమ్మ మందు మోతాదు పెంచింది. ఆ సోమవారం కడుపు మోగలేదు.

వంటాయన కిటికీ పక్కన పీట మీద కూర్చున్నాడు. సూపు గిన్నె మీంచి ఆవిరి మెల్లగా లేచి, ఎండలో ఒళ్ళు విరుచుకుని, కిటికీ దాటి ఎటో వెళ్ళిపోతోంది. చిన్నప్పటి నుంచీ ఆయన తలలో ఎవరో కూర్చుని ‘తర్వాతేంటి, ఇంకేముంది’ అని అడుగుతూనే ఉండేవారు. నిద్రలో కూడా. ఇప్పుడా గొంతు లేదు. పిల్లలంతా బడికి వెళ్ళాక ఇల్లు ఎలా ఉంటుందో తల అలా ఉంది. ఆకలి దేవుడు కట్టిన గంట అంటుంది ఆయన భార్య. ఆ గంట కొందరికి పూటకొకసారి మోగి ఊరుకుంటుంది కదా, తనకు మాత్రం ఆగకుండా ఎందుకు మోగించావని దేవుణ్ణి అడగాలని ఆయనకు చాలాసార్లు అనిపించింది. ఇప్పుడు ఊరుకుంది గనక అడగబుద్ధి కాలేదు. ఆవిరితో పాటు తానూ కొంచెం పైకి లేచినట్టుంది. అలాగే తేలుతూ ఉండిపోయాడు.

"బావా, వేళ దాటి గంటయింది. బయట జనం చెంచాలతో బల్లలు వాయిస్తున్నారు," అన్నాడు బావమరిది.

"అప్పుడేనా? నాకింకా ఆకలి కాలేదే."

"నీకు కాకపోతే వాళ్ళకి కాకూడదా? నువ్వేమన్నా ఊరందరి కడుపువా?"

వంటాయన కంగారుగా లేచి, రుచి చూడటానికి చెంచా ఎత్తాడు. వాసనకే కడుపు నిండిపోయింది. చెంచా దించేశాడు. ఉప్పు వేశాననే అనుకున్నాడు.

మొదటి చెంచా క్యాషియరమ్మ నోట్లోకి వెళ్ళింది. ఆవిడా నిండైన మనిషే. మాట మాత్రం సూదిలా ఉంటుంది.

"ఏమయ్యా, ఇది సూపా, గిన్నె కడిగిన నీళ్ళా?"

బావమరిదికి అక్కమొగుడి పరువు కాపాడాలనిపించింది. "ఉప్పు తగ్గించామండీ. వేళ కూడా మార్చాం. ఆరోగ్యం కోసం. మేనేజరుగారి ఆర్డరు."

"ఎవరి ఆరోగ్యం?"

"అందరిదీనండీ," అన్నాడు. కాని అంటున్నప్పుడు అతని చూపు ఆవిడ ఇరుక్కుని కూర్చున్న కుర్చీ మీద పడింది.

క్యాషియరమ్మ చెంచా అక్కడే వదిలి మేనేజరు గదికి వెళ్ళింది. "మా తిండి మీద ఆర్డరు వేసింది మీరేనా?"

మేనేజరుకు ఏ ఆర్డరూ గుర్తు లేదు. అయితే శుక్రవారం పైఆఫీసు వాళ్ళతో ఫోనులో జరిగిన మీటింగులో ఆయన కునుకు తీశాడు. అప్పుడే ఏదో చెప్పి ఉంటారు. "నాదేముందమ్మా, అంతా పైనుంచి వచ్చింది," అన్నాడు.

ఆవిడ వెళ్ళగానే ఆయనకు చెమటలు పట్టాయి. పైవాళ్ళు చెప్పిన పని మొదలే పెట్టలేదే. వెంటనే లిఫ్టు ఆపించాడు. బల్లల సొరుగుల్లోంచి బిస్కెట్లు తీయించాడు. రేపటి నుంచి అందరికీ సగం కూరే వడ్డించాలన్నాడు. తర్వాత పైఆఫీసుకు ఫోను చేసి, "మీ ఆరోగ్య పథకం ఇక్కడ బ్రహ్మాండంగా నడుస్తోంది సార్. తిండి సగానికి తగ్గించేశాం," అని చెప్పాడు.

అక్కడ ఎవరికీ ఏ పథకమూ తెలియదు. పక్క విభాగంవాళ్ళు పెట్టారేమోనని ఎవరికి వారు ఊరుకున్నారు. అందరికీ అర్థమైంది ఒక్కటే. ఆ ఆఫీసులో జనం పెద్దగా తినడం లేదు. తినని ఆఫీసుకు క్యాంటీను దేనికి? గురువారం పెద్దాఫీసరు స్వయంగా వచ్చి చూసి, అవసరం లేదనుకుంటే మూయించేస్తారని కబురొచ్చింది. తలుపు పక్కన టీ కప్పులతో నిలబడ్డ బావమరిది ఆ మాట విన్నాడు. ఇక అది ఆఫీసంతా పాకడానికి ఎంతసేపు?

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే అనుకుంటూ సాయంత్రం వంటాయన డాక్టరమ్మ ఎదుట కూర్చున్నాడు. బరువు తగ్గిందని ఆవిడ చెప్పింది గాని ఆ మాట ఆయన చెవికెక్కలేదు.

"ఇంజెక్షన్ ఆపేస్తానమ్మా."

"ఎందుకు? వాంతులవుతున్నాయా?"

"ఉద్యోగం పోతోందమ్మా," అని జరిగింది చెప్పాడు.

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. "ఆపితే ఆకలి తిరిగొస్తుంది. చాలామందికి బరువూ తిరిగొస్తుంది. కుర్చీ ఎటూ మీకోసం ఎదురుచూస్తూనే ఉంటుంది."

"నోరు కట్టుకుంటా. నేను తిండిపోతుని, అదే కదమ్మా అసలు రోగం?"

"మీకంటే ఎక్కువ తినే బావమరిది పుల్లలా ఉన్నాడన్నారుగా. ఆయన్నేమంటారు? మీ నాన్నగారు ఎలా ఉండేవారు?"

"తలుపులో పక్కకు తిరిగి వచ్చేవారమ్మా."

"చూశారా. కొంత పుట్టుకతో వస్తుంది. కొంత చేసే పనితో వస్తుంది, రోజంతా వంటింట్లో ఉంటారాయె. ఇక నిద్ర. నిద్ర చాలకపోతే ఆకలి పెరుగుతుంది, ఒళ్ళు పెరిగితే నిద్ర చాలదు. అంతా మీ నోటి మీదే తోసేస్తే ఎలా? మోతాదు మళ్ళీ పాతదానికి తగ్గిస్తా. నడక మానొద్దు. తినేది కొంచెమైనా గుడ్డో చేపో ఉండేట్టు చూసుకోండి. వంట సంగతంటారా, ఒక గడియారం కొనండి. నాలుక ఎవరిదైనా అరువు తెచ్చుకోండి."

ఇంటికి నడుస్తూ భార్యకు ఆ మాట చెప్పాడు. "మా తమ్ముణ్ణి అడగండి," అంది ఆవిడ.

"వాడికి రాయి ఉడికించి పెట్టినా బావుందంటాడే."

మర్నాడు పొద్దున్నే క్యాషియరమ్మ వంటింట్లోకి వచ్చింది, దెబ్బలాడటానికే. "సగం కూర కూడా నన్ను చూసేనా? మొహం మీద చెప్పేస్తే పోయేదిగా."

వంటాయన స్టవ్ తగ్గించాడు. "మీ గురించి కాదమ్మా. నా గురించి. నాకు ఆకలి వేయడం లేదు," అని మొదలుపెట్టి, ఇంజెక్షన్, కుర్చీ, ఆగిన శ్వాస, మరిచిన ఉప్పు, అన్నీ చెప్పేశాడు.

ఆవిడ పీట లాక్కుని కూర్చుంది. చాలాసేపు ఆవిరి వైపు చూసింది. "నాకూ డాక్టరు రాసిచ్చిందండీ. కొనలేదు. అడ్డదారిలో సన్నబడుతోందని నవ్వుతారని."

"కళ్ళజోడు పెట్టుకున్నవాణ్ణి అడ్డదారిలో చూస్తున్నాడని ఎవరన్నా నవ్వుతారా అమ్మా?"

ఆవిడ చెయ్యి చాపింది. "చెంచా ఇటివ్వండి." రుచి చూసి కళ్ళు మూసుకుంది. "ఉప్పు. ఇంకొంచెం. ఆ, చాలు. మిరియాలు మరిచిపోయారు."

గురువారం మేనేజరు వంటింటి గుమ్మంలో నిలబడి, పథకం నడుస్తున్నట్టు కనబడాలంటే పెద్దాఫీసరుకు చప్పిడి కూర, అదీ రెండు చెంచాలే పెట్టాలని హెచ్చరించాడు. వంటాయన తల ఊపాడు. క్యాషియరమ్మ వైపు చూశాడు. ఆవిడ ఉప్పు డబ్బా మూత తీసింది.

ఆ రోజు కూర వాసన మెట్ల మీదుగా పై అంతస్తు దాకా వెళ్ళింది. రెండు రోజులుగా సగం కడుపుతో ఉన్న జనం గిన్నెల మీద పడ్డారు. మాటల్లేవు, చెంచాల చప్పుడే. మేనేజరు మొహం సున్నం కొట్టినట్టయింది. మధ్యలో కూర్చున్న పెద్దాఫీసరు ఒక ముద్ద తిన్నాడు. ఇంకోటి తిన్నాడు. ఆగిపోయాడు. చెంచాల చప్పుడు కూడా ఆగింది.

"నచ్చలేదు బావా. అయిపోయింది మన పని," అని గొణిగాడు బావమరిది.

వంటాయన మాత్రం ఆ పళ్ళెం వైపే చూస్తున్నాడు. పెద్దాఫీసరు దుంప ముక్కల్ని ఒక్కొక్కటే అంచుకు తోస్తున్నాడు. రెండింటిని రొట్టె కింద దాచాడు. తిన్నట్టు కనిపించేలా మధ్యలో చోటు చేస్తున్నాడు. ఇంట్లో భార్య నొచ్చుకోకుండా వంటాయన రోజూ చేసే పని అదే.

తన ఆర్డరు తానే మరిచి మేనేజరు గరిటెతో వంగాడు. "ఇంకొంచెం సార్, మొహమాటపడకండి."

వంటాయన ఒక్క అంగలో వెళ్ళి పళ్ళెం తీసేశాడు. "అయ్యగారు కానిచ్చేశారండీ," అని లోపలికి పట్టుకుపోయాడు. అందరూ నోరు తెరిచారు.

కాసేపటికి పెద్దాఫీసరు వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. గొంతు తగ్గించాడు. "పొట్టకా, తొడకా?"

"పొట్టకండీ. మీరు?"

"తొడకి. ఐదు నెలలైంది. నడుము నొప్పి సగం పోయింది. కానీ ఎక్కడికెళ్ళినా ఇంకొంచెం తినమని చంపుతారయ్యా. వద్దంటే అలిగానంటారు." నిట్టూర్చాడు. "క్యాంటీను మూసేద్దామనే వచ్చాను. జనం తింటున్నారు, చూశాగా. తినలేనివాణ్ణి బతకనిచ్చే వంటిల్లు కూడా ఇదొక్కటే కనబడింది. ఉండనీ. అవునూ, ఆ పథకం ఎవరిది?"

బావమరిది అప్పటికే గిన్నెలు తోమడానికి వెళ్ళిపోయాడు.

కారు వెళ్ళిపోయింది. ఎండ వంటింటి నేల మీద పరుచుకుంది. మూడు రోజుల భయం ఒక్కసారిగా కాళ్ళలోంచి దిగిపోయినట్టయింది వంటాయనకు. గోడ పక్క బల్ల మీద కూర్చున్నాడు. నిమిషం పాటు నడుం వాల్చాడు. పైన తడి గుడ్డలు గాలికి మెల్లగా ఊగుతున్నాయి. ఊపిరి లోపలికి వెళ్ళింది. బయటికి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది.

టీ కోసం లేపడానికి వచ్చిన బావమరిదికి గురక వినబడలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. వెచ్చగా తగిలింది. ఫోను తీసి గుసగుసగా అన్నాడు.

"అక్కా, బావ నిద్రపోతున్నాడు."

"పగలు కూడా కుర్చీలోనా?"

"కాదే. బల్ల మీద. వెల్లకిలా. పసిపిల్లాడిలా."

అటునుంచి, "ఒరే, లేపావంటే చూడు," అని వినబడింది.

ఆ సాయంత్రం ఆఫీసులో ఎవరికీ టీ అందలేదు.