మునిరత్నం నుంచి ప్రాణహాని

రాష్ట్రంలోనే మొట్టమొదటి తుపాకీ రహిత మండలంగా మా మండలాన్ని తీర్చిదిద్దుతానని చక్రధర్ గారు ప్రకటించిన రోజున నేను వేదిక పక్కనే ఉన్నాను. మైకుసెట్టు నాదే కాబట్టి ఆ చారిత్రక ప్రకటన ప్రజల చెవులకంటే ముందు నా యాంప్లిఫయరులోకి వెళ్ళింది. చక్రధర్ గారు ప్రజాభద్రతా కమిటీ ఛైర్మన్. ఆ కమిటీలో ఇంకా ఎవరెవరున్నారో మాకు తెలియదు. ఆయనకు కూడా తెలియదనే మా నమ్మకం.

తుపాకుల మీద ఆయనకు ఉన్నట్టుండి అంత కోపం రావడానికి తగిన కారణమే ఉంది. అంతకుముందు ఆయన పుట్టినరోజు ఊరేగింపులో ఆయన బామ్మర్ది ఆనందం పట్టలేక పిస్తోలు తీసి గాలిలోకి కాల్చాడు. గుండు గాలిని వదిలేసి నా హారన్‌ను తగులుకుంది. హారన్ కింద నిలబడి కేకు తింటున్నవాళ్ళు కేకుతో సహా బతికి బయటపడ్డారు. ఆ వీడియో సత్యవేడు నుంచి తిరుపతి దాకా ప్రతి సెల్‌ఫోన్‌లోనూ ఆడింది. తుపాకీ చట్టాలు కఠినం చేయాలా వద్దా అని టీవీవాళ్ళు చర్చ పెడితే, చేయాల్సిందేనని అందరికంటే గట్టిగా అరిచినవారు చక్రధర్ గారే. మరి మీ బామ్మర్ది సంగతేమిటని యాంకరమ్మ అడిగింది. అది ఆత్మరక్షణ ఆయుధమనీ, సమస్య వ్యక్తులది కాదు గన్ కల్చర్‌దనీ ఆయన ఓపిగ్గా బోధపరిచారు.

గన్ కల్చర్ ఎక్కడుందా అని వెతికితే అడవి అంచున రైతుల దగ్గర దొరికింది. పందుల నుంచి పంట కాపాడుకోవడానికి లైసెన్సు తీసుకున్న నాటు తుపాకులవి. తాతల కాలం నాటివి. మునిరత్నం దగ్గర అలాంటిదే ఒకటి ఉంది. మనిషి మెత్తన. తుపాకీలో గుండు కూడా వేయడు, మందు మాత్రం కూరి పేలుస్తాడు. ఆ చప్పుడుకే అడవి పందులు పారిపోతాయి. కౌలుకు తీసుకున్న చేనులో వేరుశనగ వేశాడు. కాయ గట్టిపడింది. అది చేతికొస్తేనే ఆ ఇంట్లో ఏడాదికి తిండి.

ఎస్సై దయానంద్ గారు కబురు పెట్టగానే మునిరత్నం తుపాకీని తుడిచి, తువ్వాలులో చుట్టి తెచ్చి స్టేషన్లో ఇచ్చేశాడు. ఎందుకని అడగలేదు. మా దగ్గర ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులు స్టేషన్లో పెట్టాలి, కౌంటింగు అయ్యాక తిరిగి తెచ్చుకోవాలి. వాళ్ళ నాయన కాలం నుంచీ అదే వాడుక. అందుకని ఇవీ ఏవో ఎలక్షన్లే అనుకున్నాడు. కౌంటింగు ఎప్పుడు సార్ అని మాత్రం అడిగాడు. ఇది చివరి కౌంటింగు అని దయానంద్ గారు చెప్పారు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు.

ఆయుధ త్యాగ మహోత్సవం బ్రహ్మాండంగా జరిగింది. తుపాకులన్నిటికీ బంతిపూల మాలలు వేశారు. ఇటు ఇద్దరు గన్‌మెన్, అటు పిస్తోలు నడుముకు పెట్టుకున్న బామ్మర్ది నిలబడగా చక్రధర్ గారు మాట్లాడుతూ, ఈ రోజు నుంచి ఈ మండలంలో ఎవరికీ ఎవరివల్లా ప్రాణహాని లేదన్నారు. మునిరత్నానికి శాలువా కప్పారు. శాలువా కప్పుకొని అతను నా దగ్గరికొచ్చి, ఓట్లు ఎప్పుడు వేయాలని మెల్లగా అడిగాడు.

ఆ ప్రసంగం జిల్లాలో చాలా పైకి వెళ్ళింది. సెక్యూరిటీ రివ్యూ కమిటీ దాన్ని శ్రద్ధగా చదివింది. చక్రధర్ గారి కృషిని మనస్ఫూర్తిగా అభినందించింది. ఎవరికీ ప్రాణహాని లేని మండలం కాబట్టి ఆయన ఇద్దరు గన్‌మెన్‌నీ వెనక్కి పిలిచింది.

గన్‌మెన్ లేకుండా చక్రధర్ గారు పెళ్ళికి వెళితే ఎలా ఉంటుందో చూసినవాళ్ళకే తెలుస్తుంది. ఆయన కారు దిగినా భోజనాల వరుసలో ఒక్కరూ లేవలేదు. అన్నం వడ్డించే మనిషి ఆయన్ని, సాంబారు కావాలా రసం కావాలా అని అందర్నీ అడిగినట్టే అడిగాడు. ఆయన విస్తరి ముందు నుంచి సగంలో లేచి, చేయి కూడా కడుక్కోకుండా వచ్చేశారు.

ఇదే సమయంలో పందులు కూడా భద్రతా పరిస్థితిని సమీక్షించుకున్నాయి. చప్పుడు లేదని తెలుసుకొని మునిరత్నం చేనులో దిగాయి. అతని భార్య తిరుమలమ్మ గట్టు చుట్టూ పాత చీరలు కట్టింది. మనిషి వాసనకు బెదురుతాయని సెలూన్ నుంచి వెంట్రుకలు తెచ్చి చల్లింది. రేకుడబ్బా కొట్టి కొట్టి ఆమె అరచేతులు బొబ్బలెక్కాయి. పందులు చీరల కిందనుంచి దూరి మరీ తిన్నాయి. తుపాకీ తిరిగి ఇప్పించమని మునిరత్నం చక్రధర్ గారి ఇంటికి వచ్చేటప్పటికి మూడొంతుల్లో ఒక వంతు పోయింది.

గన్‌మెన్ లేనివాడొకడు, తుపాకీ లేనివాడొకడు. ఇద్దరి కష్టం ఒక్క దెబ్బతో తీరే మార్గం చక్రధర్ గారికి అక్కడికక్కడే తోచింది. అంత త్వరగా ఆలోచించగలవాళ్ళు ఢిల్లీలో కూడా తక్కువ. మర్నాడు పొద్దున ఆయన హాల్లోకి ఎస్సై గారినీ, రికార్డింగు కోసం నన్నూ పిలిపించారు. మునిరత్నం నా మైకు ముందు చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"ఏం లేదప్పా మునిరత్నం, నన్ను సంపుతానని ఒక్క మాట అను. సాయంత్రానికి నీ తుపాకీ నీ ఇంట్లో ఉంటాది."

"తప్పు గదా సామీ."

"తప్పే. తప్పు కాకపోతే గన్‌మెన్ని ఎవరిస్తారు?"

మునిరత్నం ఎస్సై గారి వైపు చూశాడు. ఎస్సై గారు ఫ్యాన్ వైపు చూశారు.

"నా తుపాకీ ఇయ్యకపోతే తమర్ని సంపుతాను సామీ."

"సామీ తీసెయ్. తమర్ని తీసెయ్."

"అవి తీసేస్తే నాకు మాట రాదు సామీ."

చివరికి అలాగే రికార్డు చేశాం. గౌరవంగా బెదిరించేవాడు మరీ ప్రమాదకరమని ఎస్సై గారు సర్దిచెప్పారు.

ఫలితం అద్భుతంగా వచ్చింది. చక్రధర్ గారికి ఈసారి నలుగురు గన్‌మెన్‌ను ఇచ్చారు. మునిరత్నం ఆ సాయంత్రం తువ్వాలు తీసుకొని తుపాకీ కోసం స్టేషన్‌కు వెళ్ళాడు. ప్రజానాయకుణ్ణి చంపుతానన్నవాడికి తుపాకీ ఎలా ఇస్తారు? లైసెన్సు రద్దయింది. కేసయింది. అతన్ని లోపల కూర్చోబెట్టారు. బెయిలు దొరికి బయటికి వచ్చేలోపల పందులు చేనును ఈ కొస నుంచి ఆ కొస దాకా తవ్విపెట్టాయి. నేను వెళ్ళి చూశాను. తిరుమలమ్మ మట్టిలో కూర్చొని మిగిలిన కాయలు ఏరుతోంది. అవి ఆమె ఒడి నిండడానికి కూడా చాలవు. నాకు చక్రధర్ గారి మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు, కానీ నా హారన్ బాగుచేయించాల్సింది కూడా ఆయనే.

మునిరత్నం కీర్తి మాత్రం ఆగలేదు. ఒక నాయకుడికి నలుగురు గన్‌మెన్‌ను తెచ్చిపెట్టిన నోరు కదా. మార్కెట్ యార్డు పెద్దాయన పళ్ళబుట్టతో వచ్చాడు. మాజీ మండలాధ్యక్షుడు వచ్చాడు. తనకు ఒక్క గన్‌మన్ చాలనీ, అందుకు తగినట్టు చిన్నగా బెదిరిస్తే సరిపోతుందనీ రేణిగుంట నుంచి ఒక యువనేత వచ్చాడు. ఈ సంగతి చక్రధర్ గారి చెవిన పడింది. బెదిరిస్తే తననొక్కణ్ణే బెదిరించాలనీ, ప్రాణహాని పదిమందికీ పంచితే దానికి విలువ ఉండదనీ చెప్పడానికి ఆయనే స్వయంగా బయల్దేరారు. మాట తేడా రాకుండా రికార్డు చేయడానికి నన్నూ వెంటబెట్టుకున్నారు.

మేము వెళ్ళేసరికి మునిరత్నం ఇంటి ముందు చోటు లేదు. కార్లన్నీ ఇంటి పక్కనే, పందులు తవ్విన ఆ చేనులోనే నిలిపారు. నాయకులు ఇంటి పంచలో కూర్చొని, ముందు ఎవరు వచ్చారో వాదించుకుంటున్నారు. అప్పటికే గన్‌మెన్ ఉండి, ఇంకో ఇద్దరి కోసం వచ్చినవాళ్ళు కూడా అందులో ఉన్నారు. వాళ్ళ గన్‌మెన్, చక్రధర్ గారి నలుగురితో కలిసి, ఎండకు తట్టుకోలేక గట్టు పొడుగునా తిరుమలమ్మ కట్టిన చీరల నీడన వరసగా నిలబడ్డారు. అందరి భుజాలకూ తుపాకులు. ఏ పందీ ఆ దరిదాపులకు రాలేనంత గట్టి కాపలా.

మునిరత్నం బయటికి వచ్చాడు. చక్రధర్ గారు లేచి నమస్కారం పెట్టారు. అతను ఆయన్ని చూడలేదు, పంచలో ఎవర్నీ చూడలేదు. నేరుగా చేనులోకి నడిచి వెళ్ళి, మొదట నిలబడి ఉన్న గన్‌మన్ ముందు ఆగాడు.

"ఇంక మీరు పోవచ్చు సార్," అన్నాడు. "ఈడ కాపలా కాసేదానికి ఇప్పుడేం లేదు."