పద్నాలుగు వందల పౌండ్ల మౌనం

గోధుమ కోతలు అయిపోయి మళ్ళీ విత్తనం పడేలోపు ఇంగ్లండులోని నార్‌ఫోక్ పొలాలు ఓ పది రోజులు ఖాళీగా ఉంటాయి. ఆ పది రోజుల కోసం డెన్నిస్ ఫుల్చర్ మిగిలిన ఏడాదంతా ఓపిక పట్టేవాడు. ముప్పై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. మోకాళ్ళు అతనికంటే ముందే రిటైరయ్యాయి. అయినా ఆ శనివారం పొద్దున ఫ్లాస్కులో టీ, డబ్బాలో చీజు శాండ్‌విచ్, భుజాన కొత్త మెటల్ డిటెక్టర్ వేసుకుని థర్టిల్ గారి చర్చి చేనుకి బయల్దేరాడు. పాతకాలపు నాణేలేమైనా దొరుకుతాయేమోనని మధ్యాహ్నం దాకా నేల గాలించడం, భోజనం వేళకి ఇంటికి చేరడం. అనుకున్నది అంతే.

ఆ చేను ఒక్కటే అతనికి దిక్కు. యజమాని అనుమతి లేకుండా ఒకరి పొలంలో గాలిస్తే దొంగతనం కిందే లెక్క. ఆ అనుమతి అతనికి ఇచ్చింది చుట్టుపక్కల రైతులందరిలో రోలండ్ థర్టిల్ ఒక్కడే. పదకొండేళ్ళుగా తవ్విన ప్రతి గుంతా పూడ్చి, క్రిస్మస్‌కి ఓ విస్కీ బాటిల్ ఇచ్చి, దొరికినదాంట్లో సగం ఆయన చేతిలో పెట్టి ఆ అనుమతిని కాపాడుకుంటూ వస్తున్నాడు. దొరికినవి బొత్తాలు, పేలిపోయిన తూటా గొట్టాలు, బీరు డబ్బాల రింగులు, సీసంతో పోసిన బొమ్మ ఆవు ఒకటి. ఆవుని సగం చేయడం కుదరక ఆర్నెల్లు ఈ ఇంట్లో, ఆర్నెల్లు ఆ ఇంట్లో ఉంచుతున్నారు.

పాత డిటెక్టర్ మేకు తగిలినా, నాణెం తగిలినా ఒకేలా అరిచేది. దాన్ని పెళ్ళిరోజు కానుకగా భార్య బెరిల్ చేతిలో పెట్టి, "ఇక మనిద్దరికీ ఒకటే సరదా" అని చెప్పి, కొత్తది కొనుక్కోవడానికి ఒప్పించాడు. బెరిల్ ఆ కానుకని వాక్యూమ్ క్లీనర్ పక్కన నిలబెట్టి మర్చిపోయింది.

చేలో అరగంట తిరిగాడో లేదో, కంచె పక్కన థర్టిల్ బండి ఆగింది.

"ఏమోయ్ డెన్నిస్, కొత్త కర్రా?"

"అవునండీ."

"ఎంతేంటి?"

ఇక్కడ డెన్నిస్ అబద్ధం చెప్పాల్సింది. బెరిల్ అడుగుతుందేమోనని ఒకటి సిద్ధం చేసుకున్నాడు కూడా. ఆమె అడగకపోవడంతో అది వాడకుండా అలాగే ఉంది. కానీ కొత్త వస్తువు చేతిలో ఉన్నప్పుడు మనిషికి నిజం చెప్పాలనిపిస్తుంది. "పద్నాలుగు వందల పౌండ్లండీ" అన్నాడు.

థర్టిల్ గడ్డిపరక నమలడం ఆపాడు. "నా మొదటి ట్రాక్టరే అంత కాలేదు. ఎందుకోయ్ అంత?"

"ఇలాంటివి కొనేవాళ్ళు ఎంతమందండీ? ఫోనంటే కోట్లమంది కొంటారు, తయారీ ఖర్చు అందరిమీదా సర్దుకుంటుంది. దీని మీద ఇంజనీర్లు ఏళ్ళతరబడి కూర్చున్న జీతాలన్నీ నాలాంటి గుప్పెడు మంది పిచ్చోళ్ళ నెత్తిన పడతాయి. పైగా ఇది ఒకేసారి రకరకాల తరంగాలు నేలలోకి పంపిద్ది. తడిమట్టి రొద ఏదో, లోహం ఏదో విడదీసుకుంటది. అసలు సంగతేంటంటే, పనికిరాని ఇనుము తగిలితే నోరు మూసుకుంటది."

"నోరు మూసుకోడానికి పద్నాలుగు వందలు."

"అరిచేవి వందకే దొరుకుతాయండీ."

థర్టిల్ అతన్ని కిందినుంచి పైకి చూశాడు. "పెన్నీ పెన్నీ చూసుకుని బతికినోడివి. ఊరికే అంత పెట్టవు నువ్వు" అని బండి తిప్పుకుని వెళ్ళాడు. డెన్నిస్ దాన్ని మెచ్చుకోలు అనుకున్నాడు. చేను మూలన ఆగి, పట్టేసిన మోకాలు సర్దుకునేదాకా నిలబడి టీ తాగాడు.

ఆదివారం పొద్దున వెళ్ళేసరికి గేటుకి మణికట్టు లావు గొలుసు, దానికో తాళం. పాపం, రాత్రిపూట దొంగచాటుగా తవ్వుకుపోయేవాళ్ళ బెడద థర్టిల్‌కీ తగిలిందనుకున్నాడు డెన్నిస్. సాయం చేద్దామని డిటెక్టర్ల క్లబ్బు పెద్ద మ్యురియల్ స్పింక్స్‌కి ఫోన్ చేశాడు.

"చర్చి చేనుకి తాళం పడింది మ్యురియల్. ఎవరైనా అటు ఓ కన్నేసి ఉంచితే బాగుంటది."

కోతయిపోయిన చేలో కొయ్యకాళ్ళకి తాళం వేసిన రైతుని మ్యురియల్ ఇంతవరకూ ఎరగదు. వేశాడంటే కింద ఏదో ఉండాలి. "నేనెవరికీ చెప్పను" అని మాటిచ్చి ఫోన్ పెట్టేసి, వరసగా అందరికీ చెప్పింది.

పదింటికల్లా కంచె వెంట ఇరవై ఆరు కార్లు ఆగాయి. ఒకరు మడతకుర్చీలు కూడా తెచ్చుకున్నారు. థర్టిల్ మేడ మీద కిటికీలోంచి ఆ వరస చూశాడు. చేలో ఏదో నిధి ఉందని రాత్రంతా వేధించిన అనుమానం అక్కడితో నమ్మకమైపోయింది. బావమరిదికి ఫోన్ చేసి పొక్లెయిన్ తెప్పించి, తిన్నగా చేను మూలకి తోలించాడు. డెన్నిస్‌ని ఒక్కణ్ణి లోపలికి పిలిచాడు.

"నిన్న ఇరవై నిమిషాలు ఇక్కడే కదలకుండా నుంచున్నావు. మేడ మీంచి నేను చూశాను."

"మోకాలు పట్టేసిందండీ."

"పదకొండేళ్ళు బొత్తాలిచ్చి నమ్మించావు గదోయ్" అన్నాడు థర్టిల్ బాధగా. "ఇక ఈ గేటు దాటొద్దు. ఇది తవ్వడం చూసి మరీ వెళ్ళు."

పొక్లెయిన్ మూడోసారి మట్టి ఎత్తగానే గుంతలోంచి నీళ్ళు మనిషెత్తున లేచాయి. పశువుల తొట్టికి వెళ్ళే పాత పైపు అది. ఇంటి దగ్గరి వాల్వు తిప్పబోతే, తుప్పుపట్టిన పిడి ఊడి థర్టిల్ చేతిలోకి వచ్చింది. ఇంకో వాల్వు ఆయన తాత కంచె వెంట ఎక్కడో పెట్టాడు; దానిమీద గడ్డి మొలిచి నలభై ఏళ్ళయింది. నీళ్ళు పల్లానికి, విత్తనాల బస్తాలున్న కొట్టం వైపు దారి చూసుకున్నాయి.

"దాని మూత ఇనపదే. నీ యంత్రం తియ్యి" అన్నాడు థర్టిల్.

డెన్నిస్ కంచె పొడుగునా ఆ కొసనుంచి ఈ కొసదాకా గాలించాడు. చప్పుడు లేదు. మళ్ళీ గాలించాడు. లేదు.

"ఇనుముంటే పలకదు కదండీ. అందుకేగా అంత ఖరీదు."

"పలికించు మరి."

"ఎలాగో పుస్తకంలో ఉంటది. తొంభై నాలుగు పేజీలు. నేను పన్నెండులో ఉన్నాను."

గేటు అవతల ఇరవై ఆరు యంత్రాలున్నాయి. అనుమతి లేనిదే వాళ్ళు అడుగు పెట్టరు. చేను మునిగినా సరే, థర్టిల్ వాళ్ళని రానివ్వడు. పుస్తకం తెమ్మని డెన్నిస్ ఇంటికి ఫోన్ చేశాడు. బెరిల్ ఒక చేత్తో పుస్తకం, ఇంకో చేత్తో పాత డిటెక్టర్ పట్టుకుని వచ్చింది.

"అక్షరాలు చీమల్లా ఉన్నాయి. నువ్వు చదివేలోపు ఇక్కడ బాతులు కాపరం పెడతాయి. అందుకని ఇదీ తెచ్చాను" అంది.

పాతది నేల తాకగానే అరవడం మొదలుపెట్టింది. గుర్రపు నాడాకి అరిచింది, ముళ్ళతీగకి అరిచింది, మేకు మేకుకీ అరిచింది. బెరిల్ చూపించిన చోటల్లా డెన్నిస్ తవ్వాడు. ఏడో అరుపు దగ్గర పార ఇనప మూతకి తగిలింది. వాల్వు కట్టేసరికి నీళ్ళు బస్తాలకి రెండడుగుల దూరంలో ఆగాయి.

థర్టిల్ బురదలోనే, పొక్లెయిన్ చక్రాల పట్టీ మీద కూలబడ్డాడు. "అయితే ఇక్కడ ఈ పైపు తప్ప ఏమీ లేదన్నమాట."

"పదకొండేళ్ళుగా చూపిస్తూనే ఉన్నానండీ."

థర్టిల్ తడిసిన టోపీ పిండుకున్నాడు. "అనుమతి ఇస్తాను. ఈ చేనుకే కాదు, నా పొలాలన్నిటికీ. కాకపోతే మీ ఆవిడ పేరు మీద, ఆ అరిచేదానితో. నీ కొత్తది మాత్రం గేటు దాటకూడదు. దాన్ని చూస్తే నాకు మళ్ళీ బుద్ధి పాడవుద్ది."

డెన్నిస్ భార్య వైపు చూశాడు. ఆమె వద్దంటుందని అతని నమ్మకం.

"మంగళవారం నాకు ఖాళీయే" అంది బెరిల్.

మంగళవారం బెరిల్ ముందు నడిచింది, డెన్నిస్ పార పట్టుకుని వెనక నడిచాడు. పాతది అరిచిన ప్రతిచోటా మోకాళ్ళ మీద కూర్చుని తవ్వాడు, పూడ్చాడు. కొత్తది ఇంట్లో వాక్యూమ్ క్లీనర్ పక్కన, పెట్టిన ఖరీదుకి తగ్గట్టు, నోరు మూసుకుని ఉంది.