తనంతట తానే లేచే సర్వర్

మన ధ్రువపత్రాల కార్యాలయంలోని జావా సర్వర్ ఇకపై ఎవరూ లేపకుండానే లేస్తుందని ప్రజలకు సవినయంగా తెలియజేయడమైనది. ఇంతకాలం దాన్ని రోజూ ఒక మనిషి లేపేవాడని తెలియనివారు సిగ్గుపడనక్కర్లేదు. అక్కడి పెద్దసారుకే సరిగ్గా తెలియదు.

ఆ మనిషి ఆపరేటరు. ఆఫీసంతా ఆయన్ని మేలుకొలుపుగారు అంటుంది. పొదుపు నియమం ప్రకారం సాయంత్రం ఐదు కాగానే ఫ్యాన్లు, లైట్లతో పాటు సర్వర్ నడిచే మిషన్‌ను కూడా ఆర్పేయడం అక్కడి ఆనవాయితీ. పొద్దున్నే ఆయన వచ్చి, మిషన్ ఆన్ చేసి, నల్లటి తెర మీద బారెడు కమాండు కొడితే తప్ప సర్వర్ కళ్ళు తెరవదు. అది తెరవకపోతే ఊళ్ళో పుట్టినవాళ్ళు పుట్టినట్టూ కాదు, పోయినవాళ్ళు పోయినట్టూ కాదు. ఇంతటి బాధ్యత గల మనిషికి సెలవెలా ఇస్తారు? ఆరేళ్ళుగా ఇవ్వలేదు. ఆ కమాండు ఇంకొకరికి నేర్పుదామని ఆయన చూశాడు గానీ, నేర్చుకుంటే తమకూ సెలవుండదని గ్రహించే తెలివి తక్కిన సిబ్బందికి పుష్కలంగా ఉంది.

అలాంటి మనిషికి ఒకే ఒక్క గురువారం కావలసి వచ్చింది. అక్కకు కంటి ఆపరేషన్. ఆవిడకు ఈ తమ్ముడు తప్ప ఎవరూ లేరు. పక్కన మనిషి లేనిదే కన్ను ముట్టనని డాక్టరు ఖరాఖండీగా చెప్పాడు.

సాంకేతిక విభాగం నుంచి వచ్చిన ఇంజనీరమ్మ సంగతంతా విని, పది నిమిషాలు కూర్చుని ఆ మిషన్‌లోనే ఆరు లైన్ల ఫైలు రాసింది. "ఇక మిషన్ ఆన్ అయితే చాలండీ, సర్వర్ దానంతటదే మొదలవుతుంది. మీరు నిశ్చింతగా వెళ్ళిరండి" అంది. మేలుకొలుపుగారికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

పది నిమిషాల్లో అయిపోయిన పనిని ఏ కార్యాలయం నమ్ముతుంది? ముగ్గురు సభ్యులతో సంఘం వేశారు. సర్వర్ ఎవరి అనుమతితో లేస్తుంది? లేచాక హాజరుపట్టీలో ఎక్కడ రాయాలి? ఈ ప్రశ్నలను నాలుగు వారాలు కూలంకషంగా చర్చించి, సర్వర్ లేవడానికి తమకు అభ్యంతరం లేదని సంఘం తేల్చింది. బుధవారం సాయంత్రం సభ. పెద్దసారు గొంతు సవరించుకున్నారు.

"రేపట్నుంచి మన సర్వర్ సొంతకాళ్ళ మీద నిలబడుతుంది! మానవ హస్తంతో నిమిత్తం లేని పాలన మనది! ఇకపై ఆ మిషన్‌ను ఎవరూ ముట్టుకోరాదు!"

చప్పట్లు మోగాయి. అటుపైన నియమం ప్రకారం అన్నీ ఆర్పేసి అందరూ ఇళ్ళకు వెళ్ళారు.

గురువారం పదింటికి సిబ్బంది యావత్తూ మిషన్ ముందు నిలబడి, అది ఆటోమేటిక్‌గా లేచే శుభఘడియ కోసం ఎదురుచూసింది. పదకొండైంది. "కొత్త కదా, మొదట్లో కాస్త టైమ్ పడుతుంది" అన్నాడు గుమాస్తా. ముట్టుకోరాదన్నారు కనుక ఎవరూ ముట్టుకోలేదు. పన్నెండింటికి ఆస్పత్రికి ఫోన్ వెళ్ళింది.

అక్క అప్పటికే కంట్లో చుక్కలు వేయించుకుని తన వంతు కోసం కూర్చుంది.

"అదే లేస్తుందన్నావు కదరా, మళ్ళీ నువ్వెందుకు?"

"అరగంటలో వచ్చేస్తానక్కా!"

పరుగున వచ్చి మేలుకొలుపుగారు బటన్ నొక్కారు. సర్వర్ దానంతటదే దివ్యంగా లేచింది. హాలంతా మళ్ళీ చప్పట్లు. ఆయన తిరిగి వెళ్ళేసరికి డాక్టరు వెళ్ళిపోయాడు, ఆపరేషన్ వచ్చే నెలకు పోయింది. వచ్చే నెల కూడా కష్టమే. సర్వర్ ఆటోమేటిక్‌గా లేచే వేళ మేలుకొలుపుగారు విధిగా హాజరుండాలని పెద్దసారు ఆ సాయంత్రమే ఉత్తర్వు ఇచ్చారు.

ఇదంతా నాకెలా తెలుసంటారా? కొంత విన్నాను, కొంత కళ్ళారా చూశాను. మా మనవడి జనన ధ్రువపత్రం కోసం ఆ రోజు వరసలో మొట్టమొదట నిలబడింది నేనే. మిషన్ కౌంటరు కిటికీ పక్కనే ఉంది. బటన్ మీద దీపం వెలగలేదని పదింటికే చూశాను. చెయ్యి చాపితే అందుతుంది. రెండు గంటల పాటు దాన్నే చూస్తూ, ఈ ఆఫీసులు ఎప్పటికి బాగుపడతాయండీ అని వెనకాయనతో వాపోయాను. ఆయనా నిజమేనన్నాడు. చివర్లో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాను. మీరుంటే మీరూ కొట్టేవారే.