చెవిటి గోడకు జేజేలు

ముందుగా క్షమాపణ. నేను డెబ్భై నాలుగో ఏట అక్షరాలు నేర్చుకున్నదాన్ని. రెండు వాక్యాలు రాస్తే వేళ్ళు విరుచుకోవాలి. ఎక్కడైనా అక్షరం తప్పితే మీరే దిద్దుకుని చదవండి. ఈ కాస్త రాయడానికి తొమ్మిది రోజులు పట్టింది.

ఇక విషయం. ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినపడకపోవడాన్ని మించిన సుఖం ఈ లోకంలో లేదు! నమ్మకం లేకపోతే మా ఇంటికి వచ్చి చూడండి. తలుపు కొడితే ఎవరికీ వినపడదు, ముందు ఫోన్ చేయండి.

మా అమ్మాయి హ్వాసుక్ ఇంట్లోంచే ఉద్యోగం చేస్తుంది. మా వార్డు సంక్షేమ కేంద్రం వాళ్ళిచ్చిన జాబితా పెట్టుకుని, ఒంటరిగా ఉండే ముసలివాళ్ళకు రోజుకు నలభై మందికి ఫోన్ చేస్తుంది. "అమ్మమ్మా, అన్నం తిన్నారా? మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మందు వేసుకున్నారా?" ఆ గొంతు వింటే అలిగినవాళ్ళు కూడా లేచి అన్నం పెట్టుకుంటారు.

దాని ఆఫీసు గదికీ నా గదికీ మధ్య ఉన్నది పేరుకే గోడ. కాల్చిన సముద్రపు నాచు రేకంత పలుచన. ఇవతల నేను కిమ్చీ పచ్చడికి వెల్లుల్లి దంచుతాను. అక్షరాల బడి పాఠం పైకి చదువుతాను. అంతటితో ఊరుకున్నానా? అవతల "అన్నం తిన్నారా?" అనగానే ఇవతల నేను "తిన్నానే తల్లీ" అనేదాన్ని. అడిగినప్పుడు జవాబు చెప్పకపోతే ఏం మర్యాద? అలా రోజుకు నలభైసార్లు తిన్నాను.

ఫోన్లో ముసలమ్మలు ఊరుకుంటారా? "నేనింకా నోరే తెరవలేదు, నా బదులు తిన్నది ఎవరే?" అని ఒకావిడ దులిపేసిందట. ఇంకొకావిడ, "ఆ వెల్లుల్లి దంచేదెవరు? చిటికెడు ఉప్పు వేసుకోమను, ఎగరకుండా ఉంటాయి" అందట. ఉప్పు వేశాను. నిజమే, ఎగరలేదు.

కానీ ఒకరోజు హ్వాసుక్ తల పట్టుకుని వచ్చింది. "అమ్మా, నువ్వు తిన్నానన్నావని నేను ఆవిడ పేరు పక్కన తిన్నట్టు గీత పెట్టేశాను. పాపం, ఆవిడ పొద్దుటి నుంచి ఖాళీ కడుపుతో ఉందట."

తప్పు నాదే. అందుకే మా అల్లుడు గ్యుహో మూడు శనివారాలు కష్టపడి గోడ కట్టాడు. చెక్క చట్రం, దాని నిండా చప్పుడు మింగే రాతి ఉన్ని, పైన జిప్సం పలకలు రెండు వరసలు, సందుల్లో జిగురు ముద్ద. ప్లగ్గు పెట్టే డబ్బా వెనక కూడా కూరాడు. "చలి కూడా ఆగుతుంది అత్తయ్యా" అన్నాడు. ఎవరి గదిలో కట్టాడంటారా? "శబ్దం ఎక్కడ పుడుతుందో అక్కడే ఆపాలి" అట. కాబట్టి నా గదిలోనే.

జానెడు గది గోడలోకి పోయింది. ముత్యపుచిప్ప పొదిగిన నా పెళ్ళినాటి బీరువాకు కుడి తలుపు తెరుచుకోవడం మానేసింది. నెల రోజులుగా ఎడమ అరలోని బట్టలే వేసుకుంటున్నాను. ఎంత హాయి! ఏం వేసుకోవాలా అన్న బెంగే లేదు. కుడి అరలో ఏమున్నాయో కూడా మరిచిపోయాను.

గోడ పూర్తయ్యాక అల్లుడు అవతలి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. కాసేపటికి చెమటలు కక్కుతూ వచ్చాడు.

"అత్తయ్యా, నేను అరిచింది వినపడిందా?"

"ఎప్పుడు అరిచావు నాయనా?"

ఆ మాటకు నన్ను ఎత్తుకున్నంత పని చేశాడు. పెళ్ళిలో కూడా అంత సంతోషంగా లేడు.

లాభాలు ఇంకా ఉన్నాయి. ఇల్లు సద్దుమణిగేసరికి పై అంతస్తు ఆయన దగ్గు ఇప్పుడు స్పష్టంగా వినపడుతోంది. ఎప్పుడు పొడిదగ్గో, ఎప్పుడు కఫమో చెప్పేయగలను. కూతురి సంగతి తెలియకపోతేనేం, పైవాళ్ళ ఊపిరితిత్తుల సంగతి తెలుస్తోంది కదా!

రాత్రి భోజనం దగ్గర కూడా ప్రశాంతతే. "ఏమే, పని ఎలా ఉంది?" అంటే, "నలభై మందితో మాట్లాడాక నోట్లో ఒక్క మాట మిగల్లేదమ్మా" అంటుంది. మిగలదు మరి. మంచి మాటలన్నీ గోడ అవతలే ఖర్చయిపోతాయి.

పూర్వం సాయంత్రం బేరిపండు తొక్క తీసి, ముక్కలు కోసి, గోడ మీద మూడుసార్లు కొడితే చాలు, హ్వాసుక్ వచ్చేది. కొత్త గోడ మీద కూడా కొట్టాను. ఎవరూ రాలేదు. పండంతా నేనే తిన్నాను. లాభం కాదూ? రెండో రోజూ నేనే తిన్నాను.

మూడో రోజు బేరిపండు కొనలేదు.

మా అక్షరాల బడి నడిచేది సంక్షేమ కేంద్రంలోనే. అక్కడ బల్ల మీద దరఖాస్తులు ఉంటాయి. ఐదేళ్ళు చదివిన చదువు దేనికి? ఒకటి తీసుకుని, ఎవరి సాయం లేకుండా నింపాను. "మీతో పాటు ఇంట్లో ఎవరుంటారు?" అని ఒక గడి ఉంది. అబద్ధం రాయలేదు. "కూతురు, అల్లుడు, మధ్యలో జానెడు మందం గోడ" అని రాశాను.

బల్ల దగ్గరి అమ్మాయి రెండుసార్లు చదువుకుంది. "ఈ ఫోన్ పలకరింపు ఒంటరివాళ్ళకు కదా అమ్మమ్మా, మీకు కూతురుందిగా?"

"ఉంది తల్లీ. ఆ ఫోన్లు చేసేది అదే."

ఆ పిల్ల నవ్వు ఆపుకుంటూ, మంగళవారం నుంచి ఫోన్ వస్తుందని చెప్పి కాగితం తీసుకుంది.

మంగళవారం పొద్దున బేరిపండు కొనుక్కుని ఫోన్ ముందు కూర్చున్నాను. మధ్యాహ్నానికి మోగింది. ఎత్తాను.

"అమ్మా, ఏంటిది? జాబితాలో నలభై ఒకటో పేరు నీదేంటి?"

"నీ ఉద్యోగం నువ్వు సరిగ్గా చెయ్యి. అందరినీ అడిగినట్టే అడుగు."

తర్వాత ఆ గొంతు, రాతి ఉన్నిలోంచి కాకుండా నేరుగా నా చెవిలోకి వచ్చింది.

"అమ్మమ్మా... అన్నం తిన్నారా?"

"లేదు. బేరిపండు కోసి పెట్టుకుని కూర్చున్నాను. ఒక్కదాన్నే తినలేకపోతున్నాను."

అది కుర్చీలోంచి లేచిన చప్పుడు నాకు వినపడలేదు. నడిచి వచ్చిన చప్పుడూ వినపడలేదు. అంత గొప్పది మా గోడ. నా గది తలుపు తెరుచుకున్నాకే తెలిసింది.

తక్ మల్‌సున్, డెబ్భై తొమ్మిదేళ్ళు. ఉండేది కున్సాన్‌లో, ఏడో అంతస్తులో, గోడకు ఇవతల.